అప్‌డేట్: బొమ్మకు కాళ్లు పొట్టిగా రావడం గురించి

లైఫ్ డ్రాయింగ్‌లో (ఎదురుగా ఉన్న మనిషిని చూసి గీయడం) నిలబడ్డ మనిషి కాళ్లు పొట్టిగా వస్తున్నాయని, బొమ్మ ఒరిగిపోతోందని అడిగాను కదా. రెండూ కుదిరాయి.

బోర్డు ఒళ్లో పడుకోబెడితే కాగితం పైభాగం కంటికి కుదించుకుపోయి కనిపిస్తుంది. దాంతో చెయ్యి మొండేన్ని సాగదీసేస్తుంది, కాళ్లకు చోటు మిగలదు. బోర్డు నిలువుగా ఆనించాలి. తలకూ పాదాలకూ ముందే గుర్తులు పెట్టి, సరిగ్గా మధ్యలో ఇంకోటి పెట్టండి: పెద్దవాళ్లకు తొడలు కలిసే చోటు దాదాపు అక్కడే.

బరువంతా ఒక కాలి మీదుంటే, మెడ గుంట నుంచి దించిన నిలువు గీత ఆ పాదం దగ్గరే పడాలి. ఆ వైపు తుంటి లేస్తుంది, భుజం మామూలుగా దిగుతుంది. దారానికి నట్టు కట్టి వేలాడదీస్తే తేడా ఇట్టే తెలుస్తుంది.

పర్లాకిమిడిలో క్లాసు లేని రోజు గీసి సాధన చేయడానికి కూరగాయల బజారే మేలు. బేరమాడేవాళ్లు ఒక కాలి మీదే బరువేస్తారు. 30 సెకన్లలో భుజాల వాలు, తుంటి వాలు పట్టుకుంటే చాలు.

ఎదురుగా చాచిన కాలిని కుదించి గీయడం మాత్రం ఇంకా రాలేదు. తెలిసినవాళ్లు చెప్పండన్నా.