చిక్కి సగమైన అమ్మాయి తాను లావుగా ఉన్నానంటోంది: ఇది మొండితనమా, జబ్బా?

గుంటూరు నుంచి ఒక తల్లి:

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి పదహారేళ్లు నిండాయి, ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. హాస్టల్లో ఉండలేనని ఏడిస్తే దసరా సెలవుల తరువాత ఇంటికి తీసుకువచ్చి, ఇక్కడి నుంచే కాలేజీకి పంపుతున్నాము. నూనె వస్తువులు, బయటి తిండి మానేస్తానన్నప్పుడు ఎంత బుద్ధిమంతురాలైందో అని నేనే మురిసిపోయాను. సంక్రాంతి నాటికి అన్నం మానేసింది, ఆ తరువాత పెరుగు మానేసింది. ఇప్పుడు ఒక్క పుల్కాను గోటితో చిన్న చిన్న ముక్కలుగా తుంచి, కంచం అంచు చుట్టూ పేర్చుకుని, ముప్పావుగంట వాటి ముందు కూర్చుంటుంది. విచిత్రమేమిటంటే, తమ్ముడికి మాత్రం యూట్యూబ్ చూసి కేకులు చేసి పెడుతుంది. వాడు ఆఖరి ముక్క తినేదాకా పక్కనే నిలబడి చూస్తుంది, తాను వేలికంటిన క్రీము కూడా నాకదు.

ఈ ఎండల్లో మేము ఫ్యాను కింద చెమటలు కక్కుతుంటే తాను స్వెట్టరు వేసుకుని చదువుకుంటుంది. మా చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షనుకు కుట్టించిన జాకెట్టును దర్జీ రెండుసార్లు బిగించవలసి వచ్చింది. ఆ ఫంక్షనులో బంధువులందరూ ఎంత నాజూగ్గా తయారైందో అని మెచ్చుకున్నారు. నిరుడు అమ్మ పోలికే, బొద్దుగా తయారవుతోందని నవ్వినవారు కూడా వీరే. మూడు నెలలుగా నెలసరి రాలేదు. చూపిస్తే మాత్రలు రాశారు, ఇంకా మొదలుపెట్టలేదు. అద్దం ముందు నిలబెట్టి ఎముకలు చూపించినా, “నీకు కనిపించడం లేదమ్మా, ఈ తొడలు చూడు” అంటుంది. అబద్ధమాడుతున్నట్టు లేదు, దాని కళ్లకు నిజంగానే అలా కనిపిస్తున్నట్టుంది. మావారు ఇది పొగరంటారు, రెండు తగిలిస్తే దారికి వస్తుందంటారు. మా అత్తగారు దిష్టి తీశారు. ఇది వయసుతో పోయేదేనా? కాకపోతే ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

చిన్నపిల్లల వైద్యుడు, వరంగల్:

అమ్మా, పిల్లను చూడకుండా జబ్బు పేరు చెప్పడం తగదు గాని, వయసుతో పోతుందిలే అని ఊరుకోదగిన సంగతి మాత్రం కాదు. తిండి బాగా తగ్గించడం, బరువు పెరుగుతానేమోనని విపరీతంగా భయపడటం, చిక్కిన ఒంటిని లావుగా చూడటం అనే మూడూ కలిసి కనిపించే జబ్బును అనోరెక్సియా నెర్వోసా అంటారు. మానసిక వ్యాధులలో ప్రాణాపాయం బాగా ఎక్కువగా ఉన్నవాటిలో ఇది ఒకటి. అందువల్ల ఈ వారంలోనే, వీలైతే రేపే, పిల్లల వైద్యునికో జనరల్ ఫిజీషియనుకో చూపించండి. మానసిక వైద్యుని సాయం తప్పక కావాలి, కానీ ముందు గుండె సంగతి తేలాలి. మేలుకుని ఉండగా నాడి నిమిషానికి 50 కంటే తక్కువ కొట్టుకుంటున్నా, లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మి తూలుతున్నా ఆ రోజే ఆసుపత్రిలో చేర్చవలసి ఉంటుంది. ఈసీజీ తీస్తారు, రక్తంలో చక్కెర, పొటాషియం, ఫాస్ఫేట్ చూస్తారు, బరువు తగ్గడానికి థైరాయిడ్, మధుమేహం, క్షయ వంటివి కారణం కావని తేల్చుకుంటారు. ఒక్క హెచ్చరిక: రిపోర్టులన్నీ బాగున్నాయని ఇంటికి వచ్చి నిశ్చింతగా పడుకోవద్దు, ఈ జబ్బులో రక్తపరీక్షలు చాలాకాలం సవ్యంగానే ఉండవచ్చు.

నెలసరికి మాత్రలు రాసినవారికి తిండి సంగతి చెప్పారా? ఒంటికి చాలినంత ఆహారం అందనప్పుడు మెదడు నుంచి అండాశయాలకు వెళ్లవలసిన సంకేతాలు మందగిస్తాయి, నెలసరి ఆగిపోతుంది. మాత్రలు వేస్తే రక్తస్రావం కనిపిస్తుంది, మనకు ధైర్యం వస్తుంది, లోపల ఎముకలు మాత్రం పలచబడుతూనే ఉంటాయి. ఎముకల్లో బలం కూడబెట్టుకునే వయసు ఇదే కాబట్టి అసలు చికిత్స బరువు తిరిగి రావడమే.

ఇంకొక మాట. పెద్దవారి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూసే లెక్క) పట్టిక ఈ వయసువారికి పనికిరాదు, వయసునూ ఆడామగా భేదాన్నీ బట్టి ఎదుగుదల చార్టుల మీద చూడాలి. 5 నుంచి 18 ఏళ్లవారికి భారత పిల్లల వైద్యుల సంఘం 2015లో సవరించిన చార్టులు ఉన్నాయి. పెద్దయ్యాక ఉండే బరువులో దాదాపు సగం కౌమారంలోనే వస్తుంది, ఆడపిల్లలకు తుంట్లు, తొడలు నిండటం ఆ ఎదుగుదలలో భాగమే. మన దగ్గర చాలామంది పిల్లలు లావవుతామని భయమని చెప్పనే చెప్పరు, కడుపు ఉబ్బరమనీ అరగడం లేదనీ అంటారు, తల్లిదండ్రులు గ్యాస్ మందులతో నెలలు గడిపేస్తారు. మీ అమ్మాయి మనసులోని మాట బయటికి చెప్పడం ఒక రకంగా మేలే.

భయపడి ఇవాళే నిండు విస్తరి పెట్టి బలవంతం చేయకండి. బాగా క్షీణించిన ఒంటికి ఒక్కసారిగా ఎక్కువ ఆహారం అందితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఎంతతో మొదలుపెట్టాలో వైద్యుడే నిర్ణయించాలి.

డాలస్ నుంచి ఒక తండ్రి:

అమ్మా, మీవారికి ఈ నాలుగు ముక్కలు చదివి వినిపించండి, ఎందుకంటే మూడేళ్ల క్రితం నేనూ ఆయనలాగే మాట్లాడాను. మా అమ్మాయికి అప్పుడు పద్నాలుగేళ్లు. కేకులు చేసి తమ్ముడికి పెట్టే సంగతి చదవగానే మా ఇల్లే గుర్తుకు వచ్చింది. అమెరికాలోని మిన్నెసోటాలో 1944–45లో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను, వారి సమ్మతితోనే, ఆరు నెలలపాటు అర్ధాకలితో ఉంచి పరీక్షించారు. లావు గురించి ఏ చింతా లేని ఆ మగవారు కూడా వంటల పుస్తకాలు పోగుచేశారు, కంచంలోని కొద్దిపాటి తిండిని గంటల తరబడి కెలుకుతూ కూర్చున్నారు, చిరాకులో, దిగులులో మునిగిపోయారు. అంటే మీరు చూస్తున్న వాటిలో చాలా భాగం పిల్ల స్వభావం కాదు, ఆకలి చేయిస్తున్న పని. పస్తుతో ఉన్న మెదడుకు ఎన్ని నీతులు చెప్పినా ఎక్కవు.

మాకు ఇక్కడ కుటుంబమే ముందుండి నడిపే చికిత్స చేయించారు. లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకున్న పద్ధతి అది. ఏమి తినాలి, ఎంత తినాలి అనేది కొంతకాలం పూర్తిగా తల్లిదండ్రుల చేతిలో ఉంటుంది, బరువు కుదుటపడిన కొద్దీ ఆ పెత్తనాన్ని పిల్లకు మెల్లమెల్లగా తిరిగి అప్పగిస్తారు. రాయడానికి తేలికగానే ఉంది. మొదటి రాత్రి ఒక గిన్నెడు పెరుగన్నానికి గంటన్నర పట్టింది; గిన్నె ఒకసారి గోడకు తగిలింది, మా ఆవిడ తుడిచి ఇంకో గిన్నెలో కలిపి తెచ్చింది, నేను నోరు మూసుకుని పక్కన కూర్చున్నాను. ఆ నోరు మూసుకోవడమే నాకు అన్నిటికన్నా కష్టమైంది. “నీ మీద కోపం లేదు, ఇది నీకు మందు, తినేదాకా ఇక్కడే ఉంటాము” అన్న ఒక్క మాటనే తిప్పి తిప్పి చెప్పాము. బరువు చూసే మిషనును కారు డిక్కీలో పెట్టి తాళం వేశాను. కొట్టడం వల్ల అయ్యేది ఒక్కటే, తినకపోవడం మానదు, దాచడం నేర్చుకుంటుంది.

హైదరాబాదు నుంచి ఒక విద్యార్థిని:

ఆంటీ, ఈ జబ్బు నుంచి బయటపడి నాకు నాలుగేళ్లయింది. దయచేసి తనను అద్దం ముందు నిలబెట్టకండి. అద్దంలో నాకు మనిషి మొత్తంగా ఎప్పుడూ కనిపించలేదు, పొట్ట ఒకటి, తొడ ఒకటి, గడ్డం కింద మడత ఒకటి, విడివిడిగా పెద్దవై కనిపించేవి. అమ్మ ఎముకలు చూపించినప్పుడల్లా నా మాట ఎవరూ నమ్మడం లేదన్న ఒంటరితనమే మిగిలేది. చిక్కిపోయావని ఎవరైనా అంటే అది నాకు మెప్పులాగే వినిపించేది. కోలుకుంటున్న రోజుల్లో మా అమ్మమ్మ బుగ్గలు నిమిరి, “ఇప్పుడు కాస్త ఒళ్లు చేశావే తల్లీ” అంది. ఆవిడకు అది దీవెన, నేను మాత్రం ఆ రాత్రి భోజనం మానేశాను. అందుకే ఇంటికి వచ్చేవారందరికీ ముందే చెప్పండి, లావన్న మాట గాని సన్నమన్న మాట గాని ఎత్తవద్దని. శనివారం ఒక్కపొద్దులు ఉంటానంటే ఒప్పుకోవద్దు, నేను ఏడు నెలలు వేంకటేశ్వర స్వామిని అడ్డం పెట్టుకున్నాను. ఫోను లాక్కోవడం కన్నా, తను చూసే వీడియోలను ఒకరోజు పక్కన కూర్చుని చూడండి, ఒక్క డైట్ వీడియో చూస్తే దాని వెంట వందొస్తాయి.

మీకే గుండె బరువెక్కినప్పుడు 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్, డబ్బు కట్టనక్కర లేదు, తెలుగులో మాట్లాడతారు.

గుంటూరు నుంచి ఒక తల్లి:

మీ అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న చూపించాము, నాడి 46 ఉంది. ఆసుపత్రిలో చేర్చుకున్నారు, ఫాస్ఫేట్ రోజూ చూస్తామన్నారు, నెలసరి మాత్రలు వద్దన్నారు. మెషీన్ మీద గుండె గీతలు కదులుతుంటే మావారు చాలాసేపు వాటినే చూస్తూ నిలబడ్డారు, పొగరన్న మాట మళ్లీ ఎత్తలేదు. రాత్రి ఆసుపత్రి వారు లెక్కగట్టి పంపిన ఇడ్లీలను ఆయనే పట్టుకుని కూర్చున్నారు. డాలస్ అన్నయ్యగారు రాసిన వాక్యమే చెప్పబోయి సగంలో గొంతు పూడుకుపోతే, అమ్మాయి ఆయన మొహంలోకి చూసి ఒక ముక్క తుంచుకుంది. రెండు ఇడ్లీలకు గంటా పది నిమిషాలు పట్టింది. డిశ్చార్జి అయ్యాక పరీక్షల సంగతి, కాలేజీవారికి ఏమని చెప్పాలన్న సంగతి అడగడానికి మళ్లీ రాస్తాను.