బ్రెడ్ మెషీన్‌కి ఎనిమిది వేలు దండగా, కాదా?

రొట్టెముక్క:
ఇంట్లో నలుగురం. వారానికి 400 గ్రాముల ప్యాకెట్లు రెండు అయిపోతాయి, ఒక్కోటి 45 రూపాయలు. బ్రెడ్ మెషీన్ ఎనిమిది వేల దగ్గర కనిపిస్తోంది. ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఇంట్లో ఉంది. అసలు కోరిక మైదా లేకుండా, మర పట్టించిన గోధుమపిండితో బ్రెడ్ చేసుకోవాలని. కొనొచ్చా? లెక్కలతో చెప్పండి.

పుల్కా:
లెక్కే కదా, వేద్దాం. 400 గ్రాముల మైదా 18 రూపాయలు, 20 గ్రాముల వెన్న 12, ఈస్టు నాలుగు, కరెంటు మూడు, ఉప్పూ పంచదారా కలిపి ఒకటి రెండు. నలభై అనుకోండి. కాలాక 620 గ్రాముల బ్రెడ్ వస్తుంది. మీకు వారానికి కావలసిన 800 గ్రాములకి ఇంట్లో 52 అవుతుంది, కొట్లో 90. వారానికి మిగిలేది 38, ఏడాదికి రెండు వేలు. మెషీన్ డబ్బు తిరిగి రావడానికి నాలుగేళ్లు, అదీ మధ్యలో ఏమీ పాడవకపోతే. చేతిలో ఓటీజీ ఉండగా ఇదెందుకు? 400 గ్రాముల మైదా, 300 మి.లీ. నీళ్లు, 8 గ్రాముల ఉప్పు, పావు టీస్పూను ఈస్టు గరిటెతో కలిపి మూతపెట్టి వదిలేయండి. ఎండాకాలం ఆరేడు గంటలు చాలు. మర్దన అక్కర్లేదు.

ఈస్ట్ గోదావరి:
పుల్కా గారి లెక్క తప్పు కాదు గానీ, డబ్బు మిగుల్తుందని ఈ మెషీన్ ఎవరూ కొనరు, కొనకూడదు కూడా. ఎనిమిది వేలు పెట్టేది మర్దనకీ, కాపలాకీ. ముద్ద కలపడం, ఆగడం, మళ్లీ కలపడం, ఒకే వేడిలో పొంగించడం, గాలి తీయడం, మళ్లీ పొంగించడం, గంటసేపు కాల్చడం: మూడు గంటల్లో మన చెయ్యి పడేది మొదటి ఐదు నిమిషాలే. ఓటీజీ ఇందులో చేసేది చివరి పని ఒక్కటే. పైగా మీరు చెప్పిన ఆ ముద్ద చేతికి అంటుకుపోయేంత పల్చన. అది గుండ్రటి రొట్టెకి బాగుంటుంది, పిల్లల శాండ్‌విచ్‌కి కాదు. మెత్తటి బ్రెడ్ కావాలంటే 400 గ్రాముల మైదాకి నీళ్లు 250 మి.లీ. దాటకూడదు, మర్దన తప్పదు.

మరపిండి:
ఇద్దరూ మైదా దగ్గరే ఆగిపోయారు. అడిగినవారికి కావలసింది గోధుమపిండి బ్రెడ్. అసలు చిక్కు అక్కడే ఉంది.

మన మర రాళ్ల ఒత్తిడికీ వేడికీ పిండిలోని గంజి (స్టార్చి) రేణువులు బాగా చితుకుతాయి. చితికిన రేణువు నీళ్లు ఎక్కువ తాగుతుంది. చపాతీ మెత్తగా ఉండేది అందుకే. అదే గుణం బ్రెడ్‌కి చెరుపు. పొంగే రెండు గంటల్లో పిండిలోని ఎంజైములు ఆ గంజిని చక్కెరలుగా విడగొడతాయి, ముద్ద నీరుగారుతుంది, కాల్చినా లోపల బంకగా ఉంటుంది. దానికి తోడు తవుడు ముక్కలు గ్లూటెన్ అనే జిగురు పోగుల్ని కోస్తాయి. మెషీన్ ఎంత ఖరీదైనదైనా దీన్ని మార్చలేదు. వంద శాతం మరపిండితో వచ్చేది ఇటుకే.

తినగలిగే పాళ్లు ఇవి: గోధుమపిండి 300, మైదా 100, గ్లూటెన్ పొడి 20 గ్రాములు, నీళ్లు 295 మి.లీ., నూనె 20, బెల్లం పొడి 20, ఉప్పు 7, ఇన్‌స్టంట్ ఈస్టు 4 గ్రాములు. పిండీ నీళ్లూ ముందే కలిపి అరగంట నాననివ్వండి, తవుడు మెత్తబడుతుంది. అప్పటికీ మైదా బ్రెడ్ కంటే ఎత్తు తక్కువే. మైదా ఒక్క చెంచా కూడా వద్దనుకుంటే ఆ ఎనిమిది వేలు దాచుకోండి.

పుల్కా:
అదీ మాట! ఇంకో రెండు. కరెంటు పోతే చాలా మెషీన్లకి కొన్ని నిమిషాలే జ్ఞాపకం. తర్వాత ప్రోగ్రాం మొదటికొస్తుంది, మళ్లీ స్టార్ట్ నొక్కితే సగం పొంగిన ముద్దని కలపడం దగ్గర్నుంచి మొదలెడుతుంది. ఇక రాత్రి పడేసి పొద్దున తీసుకోండని ఊరించే టైమర్. మే నెల విజయవాడలో పాలు పోసి ఎనిమిది గంటలు వదిలితే ఏమవుతుందో చెప్పాలా?

ఈస్ట్ గోదావరి:
టైమర్‌కి పాలు, గుడ్డు వద్దని మాన్యువల్‌లోనే ఉంటుంది. నీళ్లు, రెండు చెంచాల పాలపొడి వాడాలి. నీళ్లు అడుగున, పైన పిండి, పిండిలో గుంట చేసి ఈస్టు, ఉప్పు మూలకి. అప్పుడు ఈస్టు తడవకుండా పొద్దుటిదాకా ఉంటుంది. కొన్ని మెషీన్లలో ఈ వరస తిరగేసి ఉంటుంది, మీ మాన్యువల్ చూసుకోండి. ఎండాకాలం ఫ్రిజ్ నీళ్లు పోసి ఈస్టు నాలుగో వంతు తగ్గించాలి. లేకపోతే బ్రెడ్ మూత దాకా పొంగి, కాలేటప్పుడు నడుమ కుంగిపోతుంది. మెషీన్ చెడిందని చాలామంది అనుకునేది దీన్నే.

అన్నిటికంటే ముఖ్యం కలపడం మొదలయ్యాక ఎనిమిదో నిమిషం. మూత తీసి చూడండి. ముద్ద గుండ్రంగా గిన్నె గోడల్ని వదిలేసి తిరుగుతూ, వేలితో తాకితే అంటీ అంటనట్టు ఉండాలి. అడుగున బురదలా అతుక్కుపోతే చెంచా పిండి, గిన్నెకి కొట్టుకుంటూ రెండు ముక్కలుగా తిరుగుతుంటే చెంచా నీళ్లు. ఇంకోటి, ఆఖరి పొంగుకి ముందు తడి చేత్తో ముద్ద కలిపే రెక్కని లాగేస్తే అడుగున పెద్ద గుంట ఉండదు. కాలగానే గిన్నెలోంచి తీసేయాలి, పావుగంట ఆలస్యమైనా పక్కలు చెమ్మగిల్లుతాయి.

మరపిండి:
మందుల్లేని బ్రెడ్ అని మురిసేవాళ్లకో మాట. బ్రెడ్ బాగా పొంగాలని పిండిలో కలిపే పొటాషియం బ్రోమేట్‌ని మన దేశంలో 2016లోనే నిషేధించారు. కొట్టు బ్రెడ్‌ని నిలవ ఉంచేది కాల్షియం ప్రొపియొనేట్. అది లేని ఇంటి బ్రెడ్ కోస్తా ఉక్కకి మూడో రోజే బూజు పడుతుంది. ఫ్రిజ్‌లో పెడితే బూజు ఆగుతుంది గానీ ఇంకా తొందరగా గట్టిపడుతుంది. చల్లారాక ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టడమే దారి.

రొట్టెముక్క:
ముప్పావు వంతు గోధుమపిండికి ఒప్పుకున్నాను. కొత్తది కాకుండా, వాడినది మూడు వేలకి ఇస్తామంటున్నారు. ఏం చూసుకోవాలి?

పుల్కా:
ఆ ధరకైతే నా నాలుగేళ్లు ఏడాదిన్నరకి దిగుతాయి, కాదనను. గిన్నె బయటికి తీసి 200 మి.లీ. నీళ్లు పోసి పాత పేపరు మీద అరగంట ఉంచండి. తడి మచ్చ పడితే రెక్కని తిప్పే ఇరుసు సీలు పోయినట్టు. గిన్నె మార్చాలంటే తడిసి మోపెడవుతుంది. అడుగున ఇరుసుని వేళ్లతో తిప్పితే గరగరలాడకూడదు.

ఈస్ట్ గోదావరి:
ఖాళీగా తిప్పి చూపిస్తే నమ్మొద్దు. 400 గ్రాముల పిండి పట్టుకెళ్లి, వాళ్లింట్లోనే ముద్ద ప్రోగ్రాంలో పావుగంట తిప్పించండి. ముద్ద గట్టిపడే వేళ కీచుమంటే బెల్టు జారుతున్నట్టు. తర్వాత కాల్చే ప్రోగ్రాం ఒక్కటే పది నిమిషాలు పెట్టి లోపల వేడి వస్తోందో లేదో చూడండి. రెక్క రంధ్రంలో ఒక వైపు చదునుగా ఉంటుంది. అది అరిగి గుండ్రమైపోతే ఇరుసు తిరుగుతుంది, రెక్క తిరగదు. అసలు రెక్కే లేదంటే బేరం వదిలేయండి, పాత మోడల్‌కి విడిగా దొరకడం కష్టం.