పాలు, వెన్న లేకుండా బిస్కెట్లు, కప్ కేకులు కుదరడం లేదు, ఎవరైనా చెప్పండి

హన్మకొండ అమ్మ:
మా బాబుకు నాలుగేళ్లు. పాల ప్రోటీన్ పడదని డాక్టర్ చెప్పినప్పటి నుంచి బేకరీ సరుకు ఇంట్లోకి రానివ్వడం లేదు. మొన్న పక్కింటి పాప పుట్టినరోజుకు వెళ్తే వాడు కేకు ముట్టకుండా ప్లేట్లో చిప్స్ ఒక్కొక్కటే తింటూ కూర్చున్నాడు, నాకు ప్రాణం ఉసూరుమంది, మర్నాడే ఓవెన్ తీశాను. వంద గ్రాముల వెన్న అని ఉన్నచోట వంద గ్రాముల పల్లి నూనె పోశాను, బిస్కెట్లన్నీ ట్రే మీద పరుచుకుపోయి ఒకే అట్టులా అయ్యాయి. కప్ కేకులేమో పొంగినట్టే పొంగి మధ్యలో గుంట పడ్డాయి, లోపల జిగటగా ఉన్నాయి. వచ్చే నెలలో వాడి పుట్టినరోజు. "ఒక్క చెంచా నెయ్యి వేస్తే ఏమవుతుంది" అని మా అత్తమ్మ అంటున్నారు, దానికీ ఏం చెప్పాలో తెలియడం లేదు.

కాజీపేట అక్క:
చెల్లె, ముందు నెయ్యి సంగతి. ఎంత కాచి వడకట్టినా అందులో పాల ప్రోటీన్ కాస్త మిగిలే ఉంటుంది. లాక్టోజ్, అంటే పాలలోని చక్కెర పడనివాళ్లకు నెయ్యితో పెద్దగా ఇబ్బంది ఉండదు, మీ బాబుది ఆ సమస్య కాదు. లాక్టోజ్ ఫ్రీ పాలు కూడా వద్దు, వాటిలో ప్రోటీన్ అలాగే ఉంటుంది. ఈసారి డాక్టర్ దగ్గరికి అత్తమ్మను వెంట తీసుకెళ్లు, ఆయన నోటితో వింటే నీకు రోజూ ఈ వాదన తప్పుతుంది.

వెన్నలో కొవ్వు 80 శాతం దాకానే, మిగతాది ఎక్కువగా నీళ్లే. అందుకే వంద గ్రాముల వెన్న బదులు 80 గ్రాముల నూనె, రెండు చెంచాల నీళ్లు చాలు. ముద్దను అరగంట పక్కన పెడితే పిండి నూనెను పీల్చుకుంటుంది.

కప్ కేకులకు నా కొలత ఇది: ఒకటిన్నర కప్పు గోధుమపిండి, చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు. కప్పు బెల్లం తురుమును కప్పు గోరువెచ్చని నీళ్లలో కరిగించి వడకట్టు (ఇసుక తగులుతుంది, మరిచిపోకు), చల్లారాక అందులో పావు కప్పు కన్నా కాస్త ఎక్కువ నూనె, మూడు చెంచాల వెనిగర్. తడి, పొడి కలిపాక ఎక్కువ తిప్పొద్దు, గోధుమపిండి సాగుతుంది. 180 డిగ్రీల్లో 20 నిమిషాలు, పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. నువ్వు పిండి కలిపాక ఓవెన్ పెట్టావా?

హన్మకొండ అమ్మ:
అవునక్కా, కలిపాకే పెట్టాను, అది వేడెక్కేదాకా పిండి పావుగంట గిన్నెలోనే ఉంది.

కాజీపేట అక్క:
అదే తప్పు. వెనిగర్ తగలగానే సోడా గ్యాస్ వదలడం మొదలవుతుంది, పావుగంటలో సగం పోయి ఉంటుంది. ఓవెన్ కాగాకే తడి, పొడి కలపాలి.

కరీంనగర్ తమ్ముడు:
అక్కా, డార్క్ చాక్లెట్ కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చదవండి. చాలా వాటిలో మిల్క్ సాలిడ్స్ ఉంటాయి. వే పౌడర్, కేసిన్ అని ఉన్నా పాలవే. కోకో పొడి అయితే మామూలుగా ఏమీ కలవదు, అయినా చూసి తీసుకోండి.

జనగామ వదిన:
మన బతుకమ్మ సత్తులే చూడమ్మా, నువ్వులో పల్లీలో వేయించి దంచి బెల్లం కలిపితే అయిపోయె, పాల చుక్క లేదు. నేను అదే రుచి బిస్కెట్‌కు తెచ్చాను. సగం జొన్నపిండి, సగం గోధుమపిండి, వేయించిన నువ్వులు, బెల్లం, నూనె. అంతా జొన్నే వేస్తే పట్టుకోగానే విరిగిపోతుంది. నువ్వులు, పల్లీలు మీ బాబుకు పడతాయని తెలిస్తేనే వెయ్యి.

హన్మకొండ అమ్మ:
నువ్వులు రోజూ తింటాడు వదినా. నిన్న ఓవెన్ కాగాక కలిపి పెట్టాను, పన్నెండు కప్పుల్లో ఒక్కటే కుంగింది, అడుగు కాస్త మాడింది, ఈసారి ట్రే పై అరలో పెడతాను. పుట్టినరోజుకు వేరే కేకు తేవడం లేదు, వచ్చే పిల్లలందరికీ ఇవే. రెండు వాయిలు వేయాలి కాబట్టి రెండో వాయి తడి, పొడి విడివిడిగానే ఉంచుకుంటాను.