పొలాల్లో నోడ్ల డేటాను బండి మీద పెట్టిన డేటా కలెక్టర్‌తో తెచ్చుకోవచ్చా?

నర్సంపేట_నోడ్:
నర్సంపేట దగ్గర మిర్చి, మక్క చేన్లల్ల 24 నేల తేమ నోడ్లు (తేమ కొలిచి రేడియోల పంపే చిన్న పెట్టెలు) ఉన్నయి. అన్నిట్ల సీసీ2530 రేడియో చిప్పు, రెండేసి ఏఏ సెల్లు. పది నిమిషాలకో రీడింగ్, 16 బైట్లు. మల్టీహాప్‌ల (ఒక నోడ్ డేటా ఇంకో నోడ్ మీదుగ పోవుడు) గేట్‌వే (డేటా అంతా చేరే పెట్టె) పక్క నోడ్ల సెల్లే ముందు అయిపోతున్నయి, అవి పోతే వెనకవి అందుతలెవ్వు. పొద్దున బోరు మోటర్ వేయనీకి బండి ఎట్లాగూ పోతది. దానికే కలెక్టర్ (నోడ్ల డేటా తీసుకునే రేడియో పెట్టె) కడితే నడుస్తదా? బాట నుంచి నోడ్లు 20 మీటర్ల లోపే.

హాప్_లెక్క:
నడుస్తుంది. రోజుకు నోడ్‌కు 2,304 బైట్లే. రేంజ్ 60 మీటర్లనుకుంటే 20 కి.మీ. వేగంలో బండి దాదాపు 20 సెకన్లు అందుబాటులో ఉంటుంది. వారం డేటా, అంటే 16 కేబీ, ఎక్నాలెడ్జ్‌మెంట్లతో (అందిందనే జవాబులతో) కలిపినా నాలుగైదు సెకన్ల పని. అసలు చిక్కు బండి వచ్చిందని నోడ్‌కు తెలియడం. కలెక్టర్ 50 మిల్లీసెకన్లకో బీకన్ (వచ్చానని చెప్పే చిన్న సంకేతం) వేయాలి, నోడ్ రెండు సెకన్లకోసారి లేచి 100 మిల్లీసెకన్లు వినాలి. రిసీవర్ 24 మిల్లీఆంపియర్లు లాగుతుంది కాబట్టి రోజంతా వింటే రోజుకు 29 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్-గంటలు) ఖర్చు, సెల్లు రెండు మూడు నెలలే వస్తాయి. పొద్దున రెండు గంటలే వింటే 2.4. గడియారం జరగకుండా బీకన్‌లోనే టైం పంపండి.

మక్కచేను:
ఆ 60 మీటర్లు ఖాళీ చేనులో మాట. మక్క ఎదిగాక ఆకుల్లోని నీరు 2.4 గిగాహెర్ట్జ్‌ను మింగేస్తుంది. యాంటెన్నా పైరు కన్నా ఎత్తులో ఉండాలి, రేంజ్‌ను మంచు పట్టిన పొద్దునే కొలవండి. ఇంకోటి, సీసీ2530 ర్యామ్ 8 కేబీయే. బండి నాలుగు రోజులు రాకపోతే పాత రీడింగులు గల్లంతే. డబ్ల్యూ25క్యూ32 ఫ్లాష్ (కరెంటు పోయినా డేటా నిలిచే మెమరీ చిప్పు) పెట్టండి. అది 4 కేబీ సెక్టార్ల లెక్కనే చెరుగుతుంది, అందుకని రింగ్ బఫర్‌లా (చివరికి వచ్చాక మళ్లీ మొదటి నుంచి) రాసి, ఎక్నాలెడ్జ్‌మెంట్ వచ్చాకే చదివిన గుర్తు జరపండి. ప్రతి రీడింగుకు సీక్వెన్స్ (వరుస) నంబర్ ఉంటే రెండుసార్లు వచ్చినా ఇబ్బంది లేదు.

నర్సంపేట_నోడ్:
ఒకేసారి మూడు నోడ్లు రేంజ్‌ల ఉంటే ఎట్ల అన్నా?

హాప్_లెక్క:
బీకన్ విన్న నోడ్ కొంత యాదృచ్ఛిక ఆలస్యంతో తన ఐడీ మాత్రం చెప్పాలి. డేటాను కలెక్టర్ పేరు పెట్టి అడగాలి, సిగ్నల్ తగ్గుతున్నవాటిని ముందు. అడగకుండా నోడ్ పంపిందా, ఢీకొని అన్నీ పోతాయి.

865_మెగా:
బండి ఎట్లాగూ తిరుగుతుంది కాబట్టే ఇది లాభం. అదే గంటలో తేమ తెలిసి మోటర్ ఆపాలంటే మాత్రం ఇది పనికిరాదు; లైసెన్స్ అక్కర్లేని 865–867 మెగాహెర్ట్జ్‌లో లోరా (తక్కువ కరెంటుతో ఎక్కువ దూరం అందే రేడియో), ఒకటే గేట్‌వే పెట్టుకోండి.