పెద్ద కంపెనీ పంపిన సెక్యూరిటీ ఫారం: చిన్న యూనిట్ల వాళ్లు ఎలా నింపుతున్నారు?

బాలానగర్_లేత్:
మాది 14 మంది పనిచేసే మెషినింగ్ షాపు. పదేళ్లుగా పార్టులు ఇస్తున్న కంపెనీ 11 పేజీల ఫారం పంపింది. లాగ్‌లు (సిస్టమ్‌లో ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే రికార్డులు) ఎన్ని రోజులు ఉంచుతారు, హ్యాక్ అయితే ఎవరికి చెబుతారు అని అడుగుతున్నారు. నింపకపోతే ఆర్డర్లు ఆపేస్తారట. ఎవరైనా నింపారా?

బెజవాడ_మందులు:
ఫారం సంగతి తర్వాత, ముందు టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా కాపాడుకోండి. మార్చి నెలాఖర్లో పొద్దున్నే షట్టర్ తీసి సిస్టమ్ ఆన్ చేస్తే ప్రతి ఫైలు పేరు చివరా పిచ్చి అక్షరాలు, వైరస్ వచ్చి ఒక్కటీ తెరుచుకోలేదు. బ్యాకప్ హార్డ్ డిస్క్ సర్వర్‌కే పెట్టి ఉంది, అదీ పోయింది. షాపుల నుంచి బిల్లుల ఫోటోలు వాట్సాప్‌లో తెప్పించుకుని నేనూ మా ఆవిడా 23 రోజులు కూర్చుని ఎక్కించాం.

సర్వర్_రూమ్:
12 ఏళ్లుగా ఇదే పని నాది. రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి సిస్టమ్ వాడే దారి) పోర్టు 3389 ఇంటర్నెట్‌కి తెరిచి ఉంచారు కదా? ఇంటి నుంచి టాలీ చూడాలని ప్రతి ఓనరూ చేసే తప్పే ఇది.

బెజవాడ_మందులు:
తెరిచింది నేను కాదండీ, మీలాంటి సిస్టమ్ అబ్బాయే. పాస్‌వర్డ్ మారుస్తానని వెళ్లి మళ్లీ రాలేదు.

సర్వర్_రూమ్:
ఏడాదికి 6 వేలు ఇచ్చి రాత్రింబవళ్లు కాపలా కాయమంటే ఎవరు కాస్తారు? వీపీఎన్ (బయటినుంచి భద్రంగా కనెక్టయ్యే దారి) పెట్టమంటే దండగ ఖర్చంటారు!

కాకినాడ_ఆడిట్:
గొడవ ఆపండి. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28 ఆదేశాలు చదవండి. దాడి తెలిసిన 6 గంటల్లో వాళ్లకి చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి.

చీరాల_చేనేత:
ప్రొప్రైటర్లకి వర్తించదని మా సీఏ గారు చెప్పారు.

కాకినాడ_ఆడిట్:
ఆ ఆదేశాలు ‘బాడీ కార్పొరేట్’ అన్న ప్రతి సంస్థకీ వర్తిస్తాయి. ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) చట్టం 43ఏ వివరణలో ప్రొప్రైటర్ సంస్థ కూడా బాడీ కార్పొరేటే. ఆయన్ని మళ్లీ అడగండి. చిన్న సంస్థలకిచ్చిన గడువు 2022 సెప్టెంబర్ 25తోనే అయిపోయింది.

చీరాల_చేనేత:
6 గంటల్లో ఢిల్లీకి మెయిల్ ఎవరు రాస్తారు? మా ఇంట్లో కంప్యూటర్ తెలిసింది మా అమ్మాయి ఒక్కతే, తనకేమో కాలేజీ. రూల్ పెట్టేవాళ్లు మా షాపులో ఒక్క రోజు కూర్చుంటే తెలుస్తుంది.

మిర్చి_యార్డు:
మాకు వైరస్ కాదు, మెయిల్. కోల్డ్ స్టోరేజీ వాళ్ల పేరుతో ‘బ్యాంకు ఖాతా మారింది’ అని వచ్చింది, అడ్రసులో ఒక్క అక్షరం తేడా. గుమాస్తా 4,80,000 వేసేశాడు. 40 నిమిషాల్లో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం కాబట్టి 3 లక్షల పైన ఆగింది. ఖాతా మారిందంటే పాత నంబరుకి ఫోన్ చేసి అడగండి.

బాలానగర్_లేత్:
7వ పేజీలో ‘బ్యాకప్ చివరిసారి ఎప్పుడు తెరిచి చూశారు’ అని ఉంది. నిన్న రాత్రి చూశాను. ఏప్రిల్ తర్వాతది ఒక్కటీ తెరుచుకోలేదు. సర్వర్_రూమ్ గారూ, మీరు హైదరాబాద్‌లోనే ఉంటారా?