సిలిండర్ చుట్టూ ప్రవాహం: డ్రాగ్ 3.2 వస్తే సిమ్యులేషన్ తప్పా?

పాలమూరు_ఫైనలియర్
నమస్తే. బీటెక్ సివిల్, మహబూబ్‌నగర్. కాలువలో గుండ్రటి వంతెన పిల్లర్ మీద నీటి తోపుడు ఎంత అన్నది ప్రాజెక్టు. ఓపెన్‌ఫోమ్ సాఫ్ట్‌వేర్‌లో 2డీ సిమ్యులేషన్ చేశాను, రెనాల్డ్స్ సంఖ్య (వేగాన్ని మందంతో గుణించి నీటి జిగటతో భాగిస్తే వచ్చేది) 100. సిలిండర్ వెనక సుడులు ఒకసారి ఇటు, ఒకసారి అటు చక్కగా విడిపోతున్నాయి. డ్రాగ్ గుణకం, అంటే తోపుడును కొలిచే సంఖ్య, మాత్రం 3.2 వచ్చింది. పుస్తకంలో 1.3, 1.4 మధ్య ఉంది. వచ్చే వారమే వైవా, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పాను?

ఎడమకాలువ_రిటైర్డ్
బాబూ, పిల్లర్ ఒకటిన్నర మీటరు మందం అనుకో. రెనాల్డ్స్ 100 రావాలంటే నీళ్లు గంటకు 24 సెంటీమీటర్లు కదలాలి. సాగర్ ఎడమకాలువ అట్లా పారితే మిర్యాలగూడ నాట్లకు నీళ్లు మా మనవడి కాలానికి అందుతాయి. సెకనుకు 2 మీటర్ల వేగానికి ఆ సంఖ్య 30 లక్షలు. నువ్వు లెక్కేసింది మా కాలువ కాదు.

దేవరకొండ_మెష్
తమ్ముడూ, కాలువ వెడల్పు సిలిండర్‌కు 4.1 రెట్లు పెట్టావా? అయితే అది 1996 నాటి షేఫర్-టురెక్ పరీక్ష లెక్క. అందులో గరిష్ఠ డ్రాగ్ 3.22, 3.24 మధ్య రావాలి. నీ కోడ్ పాసయింది! అక్కడ నీళ్లు గోడల మధ్య ఇరుక్కుని పారతాయి. పైగా గుణకం కట్టేది సగటు వేగంతో. మధ్యలో వేగం దానికి ఒకటిన్నర రెట్లు. గుణకంలో వేగం వర్గంతో భాగిస్తాం కాబట్టి, 3.23ను ఒకటిన్నర వర్గం 2.25తో భాగించి చూడు, 1.44 వస్తుంది. పుస్తకంలోది గోడలు దగ్గర లేని చోటి లెక్క.

ఎడమకాలువ_రిటైర్డ్
జవాబు ముందే తెలిస్తే వేగం ఏదైనా పెట్టుకోవచ్చు. 3.2 అంటే 3.2.

సూర్యాపేట_బస్సు
రెండు వేగాల సంగతి అర్థం కాలేదు. దామరచర్ల థర్మల్ ప్లాంట్ చిమ్నీలకు కూడా ఇదే లెక్కా?

దేవరకొండ_మెష్
సార్, మీ వంతెనల ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) కోడ్‌లో ఏముంది? ఒత్తిడి = 52 కె వి², వి అంటే నీటి వేగం. గుండ్రటి పిల్లర్‌కు కె 0.66. ఆ 52 ఎక్కడిది? నీటి సాంద్రత 1000ని గురుత్వ త్వరణం 9.81 రెట్టింపుతో భాగిస్తే దాదాపు 51. అంటే మీ కె, మా డ్రాగ్ గుణకం ఒకటే. అక్కడ కూడా గరిష్ఠ వేగం సగటుకు √2 రెట్లు అని తీసుకుంటారు. వేగం మార్చింది నేనొక్కణ్నేనా?

ఎడమకాలువ_రిటైర్డ్
0.66 ఎక్కడ, 3.2 ఎక్కడ!

గద్వాల_ఫిజిక్స్
ఇద్దరూ వేర్వేరు రెనాల్డ్స్ సంఖ్యల గురించి మాట్లాడుతున్నారు. 190 దగ్గరలోనే ప్రవాహం మూడో దిక్కుకూ తిరుగుతుంది, ఆ తర్వాత 2డీని నమ్మలేం. నున్నటి సిలిండర్‌కైతే 3 లక్షల దగ్గర డ్రాగ్ 1.2 నుంచి 0.3 దాకా పడిపోతుంది.

ఎడమకాలువ_రిటైర్డ్
మీ గుణకాలు మీ దగ్గరే ఉంచుకోండి. ఒక వాగు మీద వంతెన కట్టేటప్పుడు ఇట్లాగే రంగురంగుల బొమ్మలు చూపించి, తోపుడు తక్కువే అన్నారు. తక్కువే, కాదనను. కానీ వరదకు పిల్లర్ మొదట్లో గుర్రపునాడా సుడి ఇసుకంతా తవ్వేసింది. పునాది కింద చెయ్యి పెడితే అవతలికి వచ్చేది. లేసీ సూత్రం చెప్పే కోత లోతుకు రెండు రెట్లు పునాది దిగాలని నేను రాసిన నోట్ ఫైల్లోనే ఉండిపోయింది. మెమో మాత్రం నాకొచ్చింది. మీ 2డీ బొమ్మలో కాలువ అడుగు ఎక్కడుంది? నీళ్లలో కాలు పెట్టనివాడికి నీళ్ల సంగతేం తెలుసు?

దేవరకొండ_మెష్
మెమో ఇచ్చింది మనుషులు సార్, సిమ్యులేషన్ కాదు. కాలు పెట్టడానికి నీళ్లేవి? మా కాలేజీలో ఫ్లూమ్ (ప్రయోగాలకు నీళ్లు పారించే తొట్టి) ఉంది. పంపు కాలిపోయి నాలుగేళ్లు. రిపేరు కోసం ఏటా రాస్తున్నాను. ఇప్పుడు అందులో పాత జవాబు పత్రాల కట్టలు పేర్చారు. పిల్లలకు నేను చూపించగలిగింది లాప్‌టాప్ ఒక్కటే. అది చూపించినందుకు కూడా తిట్లు నాకే.

సూర్యాపేట_బస్సు
ఇద్దరికీ దెబ్బ తగిలింది ఒకే చోట లాగుంది.

పాలమూరు_ఫైనలియర్
వెడల్పు 40 రెట్లకు పెంచి రాత్రంతా నడిపాను. డ్రాగ్ 1.34, స్ట్రౌహల్ సంఖ్య (సుడులు ఎంత తరచుగా విడిపోతాయో చెప్పేది) 0.165. రెండూ సరిపోయాయి. ఇప్పుడు రిపోర్టులో పిల్లర్ సంగతి ఏం రాయాలి?

ఎడమకాలువ_రిటైర్డ్
టైటిల్‌లో పిల్లర్ అన్న మాట తీసెయ్. ‘సిలిండర్’ అని పెట్టు, నిన్నెవరూ పట్టుకోరు. పాత 3.2 కూడా ఒక పేజీలో ఉంచు, ఏ వేగంతో భాగించావో కింద రాయి.
మెష్ గారూ, ఆ పంపు ఎన్ని హార్స్‌పవర్? పోయింది బేరింగా, వైండింగా?

దేవరకొండ_మెష్
5 సార్. వైండింగే.

ఎడమకాలువ_రిటైర్డ్
మిర్యాలగూడలో బోరు మోటార్లు చుట్టే అతను ఒకడున్నాడు. ముందు ఆ కట్టలు తీయించండి.