ల్యాబ్ కౌంటర్ ఎంత ఎత్తు పెట్టాలి? వీల్‌చైర్ రూల్ చిన్న మడిగలకు కూడా ఉంటదా?

నక్కలగుట్ట ల్యాబ్:
హన్మకొండ నక్కలగుట్టలో రెండు మడిగలు కలిపి కిరాయికి తీసుకుని డయాగ్నస్టిక్ సెంటర్ పెడుతున్నాం. బిల్లింగ్ కౌంటర్ 42 అంగుళాలు, పైన అద్దం, అద్దంలో చిన్న కిటికీ, అందరూ ఇట్లనే చేయించుకుంటారని వడ్లాయన అంటున్నాడు. మా దగ్గరికి వచ్చేది షుగర్, పక్షవాతం, మోకాళ్ల ఆపరేషన్ పేషెంట్లే ఎక్కువ కాబట్టి నాకు అనుమానం. మా పార్ట్‌నర్ ఏమో అవన్నీ గవర్నమెంట్ ఆఫీసులకు, మాల్స్‌కు, మనకెందుకు అంటాడు. నిజమేనా? మొత్తం కౌంటర్ దించాలా? దించితే క్యాష్ డబ్బా సంగతేంది? గ్రానైట్ కోయించకముందే చెప్పండి.

ప్లాన్లు గీసేవాణ్ని:
మీ పార్ట్‌నర్ మాట తప్పు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో పబ్లిక్ బిల్డింగ్ అంటే జనం వచ్చిపోయే ప్రైవేటు బిల్డింగ్ కూడా. వ్యాపారం, వైద్యం రెండూ పేరుపెట్టి రాశారు, ఆ నిర్వచనంలో మడిగ చిన్నదా పెద్దదా అన్న మాటే లేదు. ఫైన్ మొదటిసారి 10 వేల దాకా, మళ్లీ దొరికితే 50 వేల నుంచి 5 లక్షల దాకా. మన దిక్కు ఎవరికైనా వేసినట్టు నేనైతే వినలేదు, అది వేరే ముచ్చట.

మొత్తం దించక్కర్లేదు. కేంద్రం 2021లో ఇచ్చిన గైడ్‌లైన్స్ లెక్కన ఒక భాగం 750 నుంచి 800 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే చాలు, అంటే సుమారు 30, 31 అంగుళాలు. కింద కప్‌బోర్డ్ వద్దు, మోకాళ్లు లోపలికి పోవాలి. వడ్లాయనకు ఎత్తు ఒక్కటే చెప్తే గ్రానైట్ కింద ప్లైవుడ్, దాని ముందు పట్టీ కొట్టి ఆ ఖాళీ అంతా తినేస్తాడు, అందుకే నేల నుంచి పట్టీ అడుగు వరకు 27 అంగుళాలు తగ్గొద్దని గోడ మీద గీత గీసి చూపించండి.

డల్లాస్‌లో కాజీపేటోడు:
ఇక్కడ ఏడీఏ (అమెరికా వికలాంగుల చట్టం) ప్రకారం 36 అంగుళాల ఎత్తు దాకా ఒప్పుకుంటారు, ఆ దించిన భాగం పొడవు కూడా 36 ఉండాలి, ముందర 30 బై 48 అంగుళాల జాగా ఖాళీగా వదలాలి. ఆ జాగా సంగతి మన దగ్గర ఎవరూ పట్టించుకోరు, కుర్చీలేసి నింపుతారు.

చక్రాల కుర్చీ:
అన్నా, నేను రోజూ వాడేవాణ్ని, ఒక్క మాట చెప్తా. దించిన కౌంటర్లు చాలాచోట్ల ఉన్నాయి, కానీ వాటి మీద కొరియర్ డబ్బాలు, ప్రింటర్, దేవుడి ఫొటో ఉంటాయి, వెనక మనిషి ఉండడు. నేను పోతే ‘ఆగండి సార్, వస్తున్నాం’ అంటారు, ఈలోపు పెద్ద కౌంటర్ దగ్గర లైన్ సగం అయిపోతది. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో అయితే నా బదులు మా తమ్మునితో మాట్లాడి, నాకున్న రోగమేంటో అందరికీ వినబడేటట్టు ఆయన్నే అడిగారు. అందుకే విడిగా ‘వికలాంగుల కిటికీ’ పెట్టకండి, బిల్లు కొట్టే సిస్టమ్‌నే ఆ తక్కువ ఎత్తు భాగంలో పెట్టండి. నిలబడి వచ్చినవాళ్లు కూడా అక్కడే కట్టొచ్చు, ముసలోళ్లయితే కూర్చుని కడతారు. కార్డు మిషన్ వైరు నా చేతిదాకా రావాలి, క్యూఆర్ స్టిక్కర్ అద్దం పైన అంటిస్తే నాకు అందదు. ఇంకోటి, అద్దంలో నుంచి సగం మాటలు వినబడవు, చెవుడు ఉన్నవాళ్లు పెదాలు చూసి అర్థం చేసుకుంటారు కాబట్టి లైటు మీ మనిషి మొహం మీద పడాలి, వెనక నుంచి కాదు.

నక్కలగుట్ట ల్యాబ్:
ఇది మా పార్ట్‌నర్‌కు చదివి వినిపించిన. క్యాష్ డబ్బా పక్కకు, ఎత్తు భాగం వెనక డ్రాలో పెట్టి తాళం వేస్తామన్నాం, ఒప్పుకున్నాడు. ఇప్పుడు వేరే టెన్షన్. షటర్ దగ్గర 7 అంగుళాల మెట్టు ఉంది, ముందర మోరీ.

ప్లాన్లు గీసేవాణ్ని:
1:12 వాలు, అంటే అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు, ఆ లెక్కన 7 అడుగుల ర్యాంప్ కావాలి. మోరీ మీదికి, ఫుట్‌పాత్ మీదికి తీస్తే కార్పొరేషన్ వాళ్లు పగలగొడతారు, కాబట్టి ఎదురుగా కాకుండా మడిగ గోడ వెంబడి పక్కకు తిప్పండి, మీ ముందు జాగా సరిపోకపోతే షటర్ లోపలి ఫ్లోర్ కొంత తవ్వి అక్కడి నుంచే వాలు మొదలుపెట్టాలి. ఓనర్‌ను అడిగి కాగితం మీద రాయించుకోండి, కిరాయి మడిగ కదా. టైల్స్ వేసేశారా?